నొప్పి లేని రోజున పళ్ళ డాక్టరు దగ్గరికి

గత నెలలో గుంటూరులో జరిగిన ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర మా బాబాయి నా పక్కన కూర్చున్నారు. ఆయన బొబ్బట్టును చిన్న ముక్కలుగా తుంచి, ప్రతి ముక్కనూ నాలుకతో ఎడమ దవడకు నెట్టుకుంటూ, కుడివైపు పళ్ళకు ఏమీ తగలకుండా ఎంతో నేర్పుగా తింటున్నారు. ఏమైందని అడిగితే, "అటువైపు నమలడం మానేసి రెండేళ్ళయిందిరా. అప్పట్లో నాలుగు రోజులు ప్రాణం తీసింది, తర్వాత దానంతటదే తగ్గిపోయింది" అన్నారు. ఒకసారి చూపించుకోరాదా అన్నాను. ఆయన నవ్వి, "నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే, దొంగవాడింటికి వెళ్ళి మన తాళంచెవులు మనమే ఇచ్చి రావడం" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకంటే ఆ మాటలో నవ్వదగినంత నిజం ఉంది.

ఇంటికి వచ్చాక ఆ మాటను చాలాసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. బాబాయి అనుమానం తప్పని నేను అనను. కానీ ఆ అనుమానం నుంచి ఆయన తేల్చుకున్న సంగతి మాత్రం తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. డాక్టరు మీద పూర్తి నమ్మకం ఉన్నవాడు కావాలంటే నొప్పి వచ్చేదాకా ఆగవచ్చు. నమ్మకం లేనివాడే నొప్పి లేని రోజున వెళ్ళాలి. ఈ మాట నాకు ఆలస్యంగా, డబ్బు పోయాక, మా పాప పన్ను సగం పాడయ్యాక తెలిసింది.

ఫైలులోని లెక్క

లెక్కలు చూడడం నా వృత్తి కాబట్టి ఇంట్లో ప్రతి రసీదునూ దాచే అలవాటు ఉంది. పెళ్ళి నుంచి వచ్చిన మరుసటి ఆదివారం వైద్యం ఖర్చుల ఫైలు తీసి, అందులోంచి పళ్ళకు సంబంధించిన కాగితాలను వేరుచేశాను. పదకొండేళ్ళలో నలుగురం ఉన్న మా ఇంట్లో రెండు రూట్ కెనాళ్ళు, వాటి మీద రెండు క్యాపులు, అమ్మకు రెండు పళ్ళు, మా ఆవిడకు ఒక జ్ఞానదంతం పీకించడం, పాపకు ఒక పెద్ద చికిత్స, అక్కడక్కడా సిమెంటు పెట్టించడం, అన్నీ కలిపి 61,400 రూపాయలు. ఆరోగ్య బీమా నుంచి ఒక్క రూపాయి రాలేదు. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ళ వైద్యానికి డబ్బు ఇవ్వని పాలసీలే మన దగ్గర ఎక్కువ, మాదీ అటువంటిదే.

మొత్తం చూసి నేను ఆశ్చర్యపోలేదు. ఆ మొత్తంలో నొప్పి గానీ వాపు గానీ లేకుండా వెళ్ళి పెట్టిన ఖర్చు ఎంత అని వెతికితే చాలా తక్కువ తేలింది. అమ్మకు ఒకసారి చేయించిన 1,200 రూపాయల క్లీనింగు, ఇంకొన్ని చిన్న రసీదులు, అంతే. మిగిలిన కాగితాల్లో చాలావాటి వెనక ఒక రాత్రి ఉంది, ఎవరో ఒకరు చెంప పట్టుకుని కూర్చున్న రాత్రి.

వాటిలో నాది బాగా గుర్తు. కింది దవడ పన్ను. వేడి కాఫీ తగిలితే ఒళ్ళు ఝల్లుమనేది, చన్నీళ్ళు పుక్కిట పట్టితే కాస్త సర్దుకునేది. తెల్లవార్లూ చెంబుతో నీళ్ళు పెట్టుకుని, నోట్లో పోసుకోవడం, వేడెక్కగానే ఉమ్మేయడం, మళ్ళీ పోసుకోవడం. మధ్యలో లవంగం నూనె దూది. చన్నీళ్ళకు నొప్పి తగ్గుతోందంటే పంటి లోపలి గుజ్జు చివరి దశకు వచ్చినట్టేనని తర్వాత డాక్టరు చెప్పారు. ఒంట్లో చాలాచోట్ల వాచితే ఆ వాపుకు పెరగడానికి చోటు ఉంటుంది. పంటి లోపల గుజ్జు నాలుగు వైపులా గట్టి గోడల మధ్య ఉండడం వల్ల ఉబ్బే వీలు లేక, లోపలి నరం నలిగిపోతుంది. అంత వాచినచోట ఆమ్లత్వం పెరిగి మత్తుమందు కూడా సరిగా ఎక్కదు. నాకు రెండు ఇంజెక్షన్లు ఇచ్చాక కూడా సూదిలాంటి సన్నటి పనిముట్టు గుజ్జుకు తగలగానే కాళ్ళు కుర్చీ మీద నుంచి లేచాయి. ఒక ఏడాది ముందు ఆ పంటి పైభాగంలో గాడి వెంబడి నల్లని గీత ఒకటి అద్దంలో నాకే కనిపించింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. ఆ రోజు వెళ్ళి ఉంటే బహుశా 800 రూపాయల సిమెంటుతో పోయేది.

నేను చెప్పదలచుకున్నది డబ్బు సంగతి ఒక్కటే కాదు. మూడో సిట్టింగులో డాక్టరు క్యాపుల రకాలు చెప్పారు. లోహం మీద పింగాణీ పూసినది ఒక ధర, జిర్కోనియా అయితే రెండింతలకు పైన. ఏది మంచిది అని అడిగాను. ఖరీదైనది మంచిదన్నారు. నేను తల ఊపాను. నాకు అది నిజంగా అవసరమో కాదో ఈనాటికీ తెలియదు, ఆయన చెప్పింది సరైనదే కావచ్చు కూడా. నేను ఆలోచించే స్థితిలో లేనన్నది మాత్రం నిజం. రెండు వారాలు అన్నం సరిగా తినని మనిషి ఏ కాగితం మీదనైనా సంతకం పెడతాడు. దొంగకు తాళంచెవులు ఇవ్వడమంటే అది. బాబాయి పోలిక సరైనదే, ఆయన దాన్ని తప్పు రోజుకు అంటగట్టారు.

తగ్గిపోయిన నొప్పి

బాబాయి విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది "దానంతటదే తగ్గిపోయింది" అన్న మాట. పంటి పైపొర ఎనామిల్‌లో నరాలు ఉండవు కాబట్టి పుచ్చు ఆ పొరను తొలుస్తున్నంతకాలం మనకు ఏమీ తెలియదు. దాని కింది డెంటిన్‌కు చేరాక తీపికీ చల్లటివాటికీ జివ్వుమంటుంది. గుజ్జును తాకాకే అసలు నొప్పి. కొన్నాళ్ళు పీడించి ఆ నొప్పి ఆగిపోయిందంటే, చాలాసార్లు జబ్బు నయమైనట్టు కాదు, నొప్పి తెలిపే నరం చచ్చిపోయినట్టు. ఆ తర్వాత చీము వేరు చివరన దవడ ఎముకలో చప్పుడు చేయకుండా తన చోటు తాను చేసుకుంటుంది. అంటే మనం ఎప్పుడు వెళ్ళాలో చెప్పే గంటగా నమ్ముకున్న నొప్పి మొదటి సగమంతా మోగదు, చివర్లో మోగి తానే ఆగిపోతుంది.

చిగుళ్ళ జబ్బులో అయితే ఆ గంట చాలావరకు మోగనే మోగదు. ఈ సంగతి అమ్మ నోట్లో చూశాను.

అమ్మ పళ్ళు

అమ్మది కనిగిరి ప్రాంతం. ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. మనదేశంలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును మొదట 1937లో గుర్తించి రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోవే. అయినా అమ్మ పెరిగే రోజుల్లో ఆ చారలను ఎవరూ నీటితో ముడిపెట్టలేదు. సరిగా పళ్ళు తోముకోని పిల్ల అని బడిలో అన్నారట. బొగ్గుతో, ఉప్పుతో, ఇటుక పొడితో చిగుళ్ళు చీరుకుపోయేలా తోముకుందట. పెళ్ళిచూపుల్లో నవ్వవద్దని మా అమ్మమ్మ చెప్పిందట. ఇప్పటికీ ఆమె నవ్వేటప్పుడు కొంగు నోటి దాకా వస్తుంది. శాశ్వత దంతాల ఎనామిల్ చిగురు లోపల తయారయ్యే ఎనిమిదేళ్ళ లోపు వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ చార పొరలోనే పడిపోతుంది. బయటి నుంచి ఎంత తోమినా పోయేది పంటి పొరే, చార కాదు. ఆ తోముడుకు అరిగిన గాట్లు ఆమె పళ్ళ మొదళ్ళలో ఈనాటికీ ఉన్నాయి.

అరవై దాటాక ఆమెకు ముందు పళ్ళు రెండు కదలడం మొదలైంది. పుచ్చు లేదు, నొప్పి లేదు. తోముకునేటప్పుడు కాస్త రక్తం వస్తోందని ఎప్పుడో చెబితే "గట్టిగా తోమకు" అని నేనే సలహా ఇచ్చాను. ఆమెకు అప్పటికే పదేళ్ళుగా షుగర్ ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్‌ను అదుపులో పెట్టడం కష్టమవుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. షుగర్ కోసం చూపించిన డాక్టర్లు అమ్మ కాళ్ళు చూశారు, కళ్ళు చూశారు, కిడ్నీ పరీక్షలు రాశారు. నోరు తెరవమని మాత్రం ఆ పదేళ్ళలో ఎవరూ అనలేదు. అడగాలని మాకూ తోచలేదు.

క్లీనింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయని అమ్మ గట్టి నమ్మకం. వాళ్ళ అక్కకు అలాగే అయిందట. ఈ నమ్మకాన్ని నేను తీసిపారేయను, ఎందుకంటే అది కంటితో చూసినదాని మీద పుట్టింది. ఏళ్ళ తరబడి పేరుకున్న గార పళ్ళను ఒకదానికొకటి అతికించి పట్టుకుని ఉంటుంది. లోపల ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది. ఆ గార తీసేయగానే పన్ను కదులుతుంది, సందులు కనబడతాయి, కొన్నాళ్ళు చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. అప్పుడు నేరం డాక్టరు మీదికి వస్తుంది. అమ్మకు చేసిన రోజు డాక్టరు చిన్న స్టీలు పళ్ళెంలో పడిన పెచ్చులను ఆమెకే చూపించారు. పాత మిద్దె గోడ నుంచి రాలిన సున్నం పెచ్చుల్లా, పసుపు నలుపు కలిసిన రంగులో, వేలితో నొక్కినా నలగకుండా ఉన్నాయి. గోడకు పూసే సున్నపు గారకూ పంటికి పట్టే గారకూ మన వాళ్ళు ఒకే పేరు ఎందుకు పెట్టారో ఆ పళ్ళెం చూశాక నాకు తెలిసింది. పాచి మెత్తనిది, బ్రష్షుకు పోతుంది. గార అయ్యాక ఇంట్లో ఏ పొడి వేసి తోమినా పోదు.

ముందు పళ్ళు రెండూ దక్కలేదు. పీకించేటప్పుడు ఇంకో భయం బయటికి వచ్చింది. పైపళ్ళు పీకితే కంటిచూపు పోతుందట. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదని డాక్టరు ఓపికగా చెప్పారు. ఆమె గుండె కోసం రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్ మాత్రను మా అంతట మేమే మానిపించి తీసుకెళ్ళినందుకు మాత్రం ఆయన నన్ను కేకలేశారు. ఆ కేకలు నాకు దక్కవలసినవే. రక్తం పలచబడే మందులు ఆపాలా వద్దా అన్నది రాసిన డాక్టరు చెప్పవలసిన మాట. పంటి నుంచి వచ్చే రక్తాన్ని దూది నొక్కి ఆపవచ్చు, గుండెలో గడ్డకట్టే రక్తాన్ని అలా ఆపలేము.

ఆరేళ్ళకు వచ్చే పన్ను

ఈ వ్యాసంలో నేను రాయడానికి ఇష్టపడని భాగం ఇదే.

మా పాపకు ఎనిమిదేళ్ళప్పుడు కింద, కుడివైపు చివరి దవడ పంటిలో అన్నం ఇరుక్కుంటోందని చెప్పింది. టార్చి వేసి చూస్తే చిన్న నల్లటి గుంట. "పాలపళ్ళే కదా, ఊడిపోయి కొత్తవి వస్తాయిలే" అన్నాను. ఈ వాక్యం మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. ఆరు నెలల తర్వాత దవడ వాచి తీసుకెళితే, అది పాలపన్ను కాదని తేలింది.

ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు మూలలా నాలుగు శాశ్వత దవడ పళ్ళు వస్తాయి. పన్ను ఊడితేనే కొత్తది వస్తుందని అనుకునే మనకు ఇవి ఎప్పుడు వచ్చాయో తెలియదు. నోట్లోకి వచ్చే శాశ్వత దంతాల్లో దాదాపు ఇవే మొదటివి, నమలడంలో ఇవే పెద్దవి. వాటి పైభాగంలో లోతైన గాళ్ళు ఉంటాయి. పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది, ఆ నెలలంతా పక్క పన్ను కంటే కిందుగా ఉండడం వల్ల బ్రష్షు దాని మీదుగా జారిపోతుంది తప్ప తాకదు. పైగా అప్పుడే పుట్టిన ఎనామిల్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పుచ్చడానికి ఇంతకంటే అనువైన పన్ను మరొకటి ఉండదు.

ఆ వయసుకు ఆ పంటి వేరు చివర ఇంకా మూసుకోలేదు కాబట్టి పెద్దవాళ్ళకు చేసినట్టు రూట్ కెనాల్ చేయడం మంచిది కాదని డాక్టరు చెప్పారు. పైభాగంలో పాడైన గుజ్జు తీసేసి, కింద బతికి ఉన్న గుజ్జు మీద ఒక ప్రత్యేకమైన సిమెంటు వేసి, వేరు పెరగడానికి అవకాశం ఇచ్చారు. పాప కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏడవకుండా కూర్చుంది. ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది. బయటికి వచ్చాక పెదవి తిమ్మిరిగా ఉందని తెలియక కొరుక్కుంది. ఆ వాపు మూడు రోజులు ఉంది.

ఆ పంటిని ఏడేళ్ళ వయసులో చూపించి ఉంటే, దాని గాళ్ళలో సీలెంటు అనే పల్చటి పూత పూసి మూసేసేవారు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లు లేదు, పంటికి పది నిమిషాలు. మిగిలిన మూడు పళ్ళకు అదే రోజు అడిగి వేయించాను. ఆ మూడూ ఇప్పటికీ బాగున్నాయి.

పోనీ అది నిజంగా పాలపన్నే అయి ఉంటే నేనన్న మాట సరైనదేనా? అదీ కాదు. పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండాలి. అవి కింది పన్ను కోసం చోటు కాపలా కాసే పళ్ళు. ముందే పోతే వెనక పన్ను ముందుకు ఒరిగి ఆ చోటును ఆక్రమిస్తుంది, రావలసిన పన్ను పక్కకు తిరిగి వస్తుంది, ఆ తర్వాత మనమే పద్నాలుగో ఏట క్లిప్పులు పెట్టించడానికి వేలు ఖర్చు పెడతాం. ఆరు నెలల్లో ఊడబోయే ముందు పన్నుకూ, నాలుగేళ్ళు ఉండవలసిన దవడ పన్నుకూ ఒకే జవాబు చెప్పడం మన తప్పు.

ఉచిత శిబిరం, ఆరు పుచ్చులు

ఇప్పుడు బాబాయి పక్షాన మాట్లాడాలి. రెండేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక ఆదివారం ఉచిత దంత పరీక్షల శిబిరం పెట్టారు. మా ఆవిడ వెళ్ళింది. రెండు నిమిషాలు చూసి ఆరు పళ్ళు పుచ్చాయని, అన్నిటికీ కలిపి 14,500 అవుతుందని, ఈ నెలాఖరులోగా చేయించుకుంటే 20 శాతం తగ్గింపు ఉంటుందని అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టారు. నోట్లోని పుచ్చుకు నెలాఖరుతో ఏమి పనో నాకు అర్థం కాలేదు.

పాపకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్ళాం. ఆమెకు పళ్ళు మూయించి రెండువైపులా చిన్న ఎక్స్‌రేలు తీశారు. ఒకదానికి సిమెంటు కావాలన్నారు. రెండు పళ్ళ మధ్య ఒకచోట మసక ఉంది గానీ అది ఇంకా ఎనామిల్ దాటలేదని, మిగిలిన నాలుగూ గాళ్ళలో పట్టిన మరకలని చెప్పారు. ఆ మసకను వేలితో చూపించి, "దీన్ని ఇప్పుడు ముట్టుకోను. రాత్రిపూట కూడా తోముకుని, ఏడాది తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయిద్దాం. పెరగకపోతే అలాగే వదిలేద్దాం" అన్నారు. పళ్ళ డాక్టరు నోటి నుంచి "ముట్టుకోను" అన్న మాట వినడం నాకు అదే మొదలు.

మొదటివారు మోసం చేశారని నేను ఖాయంగా చెప్పలేను. తొలిదశ పుచ్చును తవ్వాలా, గమనిస్తూ ఉండాలా అన్న విషయంలో మంచి డాక్టర్ల మధ్య కూడా తేడాలు ఉంటాయి. ఎనామిల్ దాకానే ఉన్న పుచ్చును ఉమ్మిలోని ఖనిజాలు, పేస్టులోని ఫ్లోరైడ్ కలిసి ఆపగలవు. ఒకసారి డ్రిల్లు పడితే మాత్రం ఆ పన్నుకు జీవితాంతం సిమెంటు మారుస్తూ ఉండవలసిందే, మార్చిన ప్రతిసారీ గుంట కాస్త పెద్దదవుతుంది. అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు. అయితే వ్యవస్థలో ఒక వంకర ఉందన్నది నిజం. చూసి, ఏమీ అక్కరలేదని చెప్పి పంపినందుకు డాక్టరుకు వచ్చేది 200. రూట్ కెనాల్ చేస్తే వచ్చేది 4,500. గది అద్దె, కుర్చీ మీద తీసుకున్న అప్పు ఈ రెండోదాని నుంచే తీరాలి. ఎంత నిజాయితీపరుడికైనా ఆ ఒత్తిడి ఉంటుంది.

అయినా ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని రెండోచోటుకు వెళ్ళే తీరిక మాకు ఎలా వచ్చింది? ఆమెకు నొప్పి లేదు కాబట్టి. ఎక్స్‌రేలో ఎక్కడుందో చూపించండి, ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది, ఏమీ చేయకపోతే ఏమవుతుంది, ఈ మూడు ప్రశ్నలూ అడగడానికి మనిషికి నోరు స్వాధీనంలో ఉండాలి. నొప్పి ఉన్న పన్నుకు "ముట్టుకోను" అనే అవకాశం డాక్టరుకూ లేదు, "ఆలోచించుకుని వస్తాను" అనే అవకాశం మనకూ లేదు.

ఆరు నెలలకోసారి వెళ్ళాలన్న సూత్రాన్ని కూడా నేను కళ్ళకద్దుకోను. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2004లో ఇచ్చిన సూచన ప్రకారం, ఎవరి నోటి పరిస్థితిని బట్టి వారికి, పెద్దలకు మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా, పిల్లలకు ఏడాది మించకుండా గడువు పెట్టాలి. నా మట్టుకు ఇది తెలివైన మాటగా తోచింది. షుగర్ ఉన్న అమ్మ ఆరు నెలలకోసారి, పాప ఏడాదికోసారి వెళుతున్నారు. నేను పద్దెనిమిది నెలలకోసారి.

నా వాదన ఎక్కడ ఆగిపోతుంది

మా ఇంట్లో పనిచేసే ఆమె దవడ పన్ను పుచ్చినప్పుడు వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు వాడి, మళ్ళీ మళ్ళీ వస్తుంటే పీకించేసుకుంది. రూట్ కెనాల్ చేస్తే పన్ను మిగిలేది కదా అని నేను తెలివిగా అన్నాను. "మిగిలితే ఏం చేసుకోనయ్యా, పీకితే మళ్ళీ నొప్పి రాదు, పనికి నాగా పడదు" అంది. 300 రూపాయలకూ, క్యాపుతో కలిపి తొమ్మిది పదివేలకూ మధ్య ఆమె తప్పుగా ఎంచుకుందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పక్క పళ్ళు ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికి దిగుతుంది, రెండో వైపు భారం పెరుగుతుంది. ఇవన్నీ నిజాలే, కానీ అవి రాబోయే ఏళ్ళ నిజాలు. విజయవాడలో, కడపలో, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి, అక్కడ ఇవే చికిత్సలు నామమాత్రపు ఖర్చుతో జరుగుతాయి. అయితే రూట్ కెనాల్‌కు మూడు నాలుగు సార్లు తిరగాలి, తిరిగిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. "నొప్పి లేకుండా వెళ్ళండి" అనే సలహా నెలజీతం వచ్చే ఇళ్ళ సలహా అని ఒప్పుకుంటున్నాను.

అయినా నొప్పి కోసం ఆగకూడని జబ్బులూ నోట్లో ఉన్నాయి. మా ఆవిడ నాయనమ్మది శ్రీకాకుళం. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళ తరం ఆమెది. ఆమె అంగిట్లో తెల్లమచ్చ ఎన్నేళ్ళుందో ఎవరికీ తెలియదు, ఆమెకు నొప్పి లేదు. మరో పని మీద వచ్చిన డాక్టరు యాదృచ్ఛికంగా చూశారు. అటువంటి మచ్చలు కొన్ని పుండ్లుగా, క్యాన్సరుగా మారతాయి. ఆమె అదృష్టం, మారలేదు. గుట్కా నమిలే కుర్రవాళ్ళలో నోరు మూడు వేళ్ళు పట్టనంతగా బిగుసుకుపోవడం కూడా ఇలాగే మెల్లగా మొదలవుతుంది.

ఇంట్లో మారినవి

పెద్దగా ఏమీ మారలేదు. రాత్రి పడుకునేముందు అందరం తోముకుంటున్నాం. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది కాబట్టి పళ్ళకు కాపలా ఉండదు, అందుకే రెండు పూటల్లో ఒక్కపూటే కుదిరితే రాత్రిదే మేలని డాక్టరు చెప్పారు. పొద్దున తోమి మురిసిపోయే మన ఆచారానికి ఇది రుచించదు. పేస్టు ఉమ్మేసి, ఆ తర్వాత నీళ్ళతో పదిసార్లు పుక్కిలించడం మానేశాం. మిఠాయి తినవద్దని పాపకు చెప్పడం లేదు, తినేదేదో భోజనంతో పాటు ఒకేసారి తినమంటున్నాం. తీపి తగిలిన ప్రతిసారీ నోరు మామూలు స్థితికి రావడానికి అరగంటో ఇంకాస్తో పడుతుంది. అందుకని ఒక లడ్డు గబుక్కున తినడం కంటే, నాలుగు బిస్కెట్లు సాయంత్రమంతా కొరుకుతూ ఉండడమే పళ్ళకు చెడ్డది. పళ్ళకు అంటుకునే మైదా బిస్కెట్టు చాక్లెట్టు కంటే అమాయకంగా కనబడుతుంది, అంతే.

పేస్టు విషయంలో అమ్మతో గొడవ ఇంకా తేలలేదు. ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే ఆమెకు భయం, ఆ భయానికి ఆమె పళ్ళే సాక్ష్యం. నేను నా పద్ధతిలో లెక్క వేసి చూపించాను. 1,000 పీపీఎం పేస్టు అంటే గ్రాముకు ఒక మిల్లీగ్రాము. శనగగింజంత పేస్టులో పావు మిల్లీగ్రాము, అదీ ఉమ్మేసేది. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత చాలు. తాగునీటికి పెట్టిన పైహద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆమె ఊరి బావుల్లో అంతకు ఎన్ని రెట్లు ఉండేదో, ఆమె రోజుకు ఎన్ని లీటర్లు తాగేదో. మింగిన ఫ్లోరైడ్ వేరు, పంటి మీద రాసి ఉమ్మిన ఫ్లోరైడ్ వేరు. అంతా విని, "నీ లెక్కలు నీ దగ్గర పెట్టుకో, పిల్లదాన్ని మింగనీయకు" అంది. చివరికి ఇద్దరం ఒకచోటికే వచ్చాం కాబట్టి నేను ఇంకేమీ అనలేదు.

బాబాయికి ఫోను చేసి, తగ్గిపోయిన నొప్పి గురించి డాక్టరు చెప్పినదంతా చెప్పాను. "చూద్దాంలే, సంక్రాంతి వెళ్ళనీ" అన్నారు.

పాపకు ఇప్పుడు పదకొండున్నర. పన్నెండేళ్ళకు రావలసిన రెండో దవడ పళ్ళు వెనక మూలల్లో తెల్లగా తొంగిచూస్తున్నాయి. పోయిన మంగళవారం తీసుకెళుతుంటే దారిలో, "నాకు నొప్పేం లేదుగా నాన్నా, ఎందుకు?" అని అడిగింది. డాక్టరు అద్దం పెట్టి చూసి, చిగురు ఇంకా సగం కప్పి ఉందని, తడి తగిలితే సీలెంటు నిలవదని, మూడు నెలల తర్వాత రమ్మని పంపేశారు. చూసినందుకు 200 తీసుకున్నారు. ఆ రసీదు కూడా ఫైలులో పెట్టాను.